ఓడ మీది మనిషి, ర్యాంపు మీది కారు

అది 2009వ సంవత్సరం, ఎండాకాలం. విశాఖపట్నంలో ఎండకన్నా ఉక్కపోత ఎక్కువ. గోపాలపట్నంలో హైవే వారగా ఉన్న నా వీల్ అలైన్‌మెంట్ షాపులో, మధ్యాహ్నం పూట రేకుల కింద నిలబడితే చొక్కా పిండుకోవాల్సి వచ్చేది.

మాది తూర్పుగోదావరి. స్టీల్‌ప్లాంటు కడుతున్న రోజుల్లో నాన్న ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఐటీఐ చదివి, లారీ గ్యారేజీలో పని నేర్చుకుని, తొంభైల మధ్యలో ఈ షాపు తెరిచాను. అప్పట్లో మిషన్లెక్కడివి? చక్రాల పక్కన దారం లాగి కట్టి, టేపు పెట్టి కొలిచేవాణ్ణి. అంబాసిడర్లు, జీపులు, స్టీల్‌ప్లాంటుకి తిరిగే టాక్సీలు వచ్చేవి. తర్వాత కంప్యూటర్ మిషన్ కొన్నాను. నాతోపాటు పనిచేసే అప్పలరాజుది పెందుర్తి. చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటిరోజు నుంచీ నన్ను బావా అనే పిలిచాడు.

మా పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. నిలబడ్డ మనిషి పాదాలు చూడండి. వేళ్లు లోపలికి తిరిగి ఉన్నాయా, బయటికా? చక్రాలకీ అంతే, దాన్ని టో అంటాం. చక్రం పైభాగం లోపలికి వాలిందా, బయటికి వాలిందా అన్నది క్యాంబర్. ఇవి కంపెనీ చెప్పిన కొలతల్లో ఉంటే బండి తిన్నగా పోతుంది, టైర్లు సమానంగా అరుగుతాయి. లేకపోతే ఒక పక్కకి లాగుతుంది. నాలుగు చక్రాలకీ సెన్సర్లు తగిలిస్తే మిషన్ కొలిచి తెర మీద చూపిస్తుంది. కొలత సరిగ్గా ఉంటే ఆకుపచ్చ, తప్పితే ఎరుపు. చక్రాన్నీ స్టీరింగ్‌నీ కలిపే టై రాడ్ అనే కడ్డీని తిప్పుతూ ఎరుపుని ఆకుపచ్చ చేయడమే మా పనిలో ముప్పాతిక భాగం.

ఆ రోజు పొద్దున ఒక వెండిరంగు కారు మెల్లగా వచ్చి షాపు ముందు ఆగింది. విదేశీ కంపెనీ కారు. మా షాపుకి అలాంటివి అరుదు. నడుపుతున్నావిడకి ముప్పై అయిదేళ్లుంటాయి. పక్క సీట్లో ఒక పెద్దావిడ, ముదురు ఎరుపు చీర, ముక్కుకి రెండు వైపులా పుడకలు, కాళ్లు సీటు మీదకి ముడుచుకుని కూర్చుంది.

నడిపినావిడ దిగి, "మేస్త్రీ గారూ, నా పేరు మహాలక్ష్మి. తగరపువలస నుంచి వచ్చేం. ఈ కారు మలుపుల్లో తనంతట తనే బ్రేకు వేసేస్తంది. ఎవరికి చెప్పినా నమ్మట్లేదు," అంది.

"నమ్మకేటి," అంది లోపలి నుంచి పెద్దావిడ. "దీనికేదో పట్టినాది బాబూ. నాను సెప్తన్నాను గదా. సింహాద్రప్పన్న కొండ మలుపులో గర్రుమని మూలిగి, నన్ను అద్దానికేసి కొట్టీబోనాది."

ఆవిడ మహాలక్ష్మి అత్తగారు, పోలమ్మ. భీమిలి వైపు సముద్రపొడ్డు పల్లె.

నేను కారులోకి చూశాను. మీటర్ల మధ్య పసుపురంగు దీపం వెలుగుతోంది. జారుతున్న కారు బొమ్మ. అంటే ఈఎస్‌పీ. ఇప్పుడు చాలా కార్లలో డ్రైవరుకి సాయం చేసే ఏర్పాట్లు ఉంటున్నాయి కానీ అప్పటికి మా ఊళ్లో ఇదే పెద్ద వింత. డ్రైవరు స్టీరింగ్ ఎటు తిప్పాడో ఒక సెన్సర్ చెబుతుంది. కారు నిజంగా ఎటు వెళుతోందో ఇంకో సెన్సర్ చెబుతుంది. ఆ రెండూ కలవకపోతే కారు జారిపోతోందనుకుని, కంప్యూటర్ తనే ఒక చక్రానికి బ్రేకు వేసి దారిలో పెడుతుంది. వానలో ప్రాణాలు కాపాడే ఏర్పాటు. కానీ దానికి తప్పుడు కబురు అందితే, తిన్నగా పోతున్న బండి మీద కూడా బ్రేకు పడుతుంది. ఆ దీపం వెలిగిందంటే, అలా తప్పుడు బ్రేకులు వేసీ వేసీ, ఏదో తేడా ఉంది, ఇక నేను పనిచేయలేను అని అది చేతులెత్తేసిందన్నమాట.

"ఇంతకుముందు ఎక్కడైనా చూపించారా?" అని అడిగాను.

"ఆనందపురం దగ్గర పెద్ద గోతిలో పడిందండి. అప్పట్నుంచి తిన్నగా పోతుంటే స్టీరింగ్ వంకరగా ఉండేది. వేరే చోట చూపిస్తే అలైన్‌మెంట్ చేసి సరిచేశాం అన్నారు. స్టీరింగ్ తిన్నగా అయింది కానీ ఈ దీపం అప్పుడే మొదలయింది."

"కంపెనీవాళ్ల వర్క్‌షాపుకి తీసుకెళ్లలేకపోయారా అమ్మా?"

"ఈ కంపెనీది ఇక్కడ లేదండి. హైదరాబాదు తీసుకురమ్మన్నారు. నేను అనకాపల్లి దాటి ఎప్పుడూ నడపలేదు." ఒక్క క్షణం ఆగి, "నాకు ఎయిర్‌పోర్టు దాకా వెళ్లి రావడానికి బాగుంటే చాలు," అంది.

ఎయిర్‌పోర్టు మా షాపుకి దగ్గరే. అక్కడిదాకా వెళ్లడానికి ఇంత బెంగ ఎందుకో నాకు అర్థం కాలేదు.

అప్పలరాజు ర్యాంపు మీదకి కారు ఎక్కించబోతే, "నేనే ఎక్కిస్తాను, ఎటు పోవాలో చూపించండి," అందామె. సన్నటి రెండు ఇనప పట్టీల మీదకి కారు ఎక్కించాలంటే కొత్త డ్రైవర్లు జంకుతారు. ఆమె పెదవి కొరుక్కుంటూ, అప్పలరాజు చేతి సైగలు చూసుకుంటూ ఎక్కించింది. దిగాక ఆమె వెనక్కి తిరిగి, చక్రాలు పట్టీల మధ్యలోనే ఉన్నాయో లేదో చూసుకుంది. ఒక చేతిలో సెల్‌ఫోన్ ఉంది. స్టీరింగ్ తిప్పుతున్నప్పుడు కూడా దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది.

సెన్సర్లు తగిలించి, స్టీరింగ్‌ని తిన్నగా బిగించి కొలిచాను. తెర మీద అన్నీ ఆకుపచ్చే. టో సరిగ్గా ఉంది, క్యాంబర్ సరిగ్గా ఉంది. మళ్లీ మొదటినుంచి కొలిచాను. అదే లెక్క.

"మరేటి బావా, అన్నీ పచ్చగానే ఉన్నాయి గదా," అన్నాడు అప్పలరాజు గొంతు తగ్గించి. "దీపం మాత్రం ఎలుగుతానే ఉన్నాది."

నాకూ పాలుపోలేదు. మిషన్ బాగుందంటోంది, కారు బాలేదంటోంది. చెన్నైలో మిషన్ కంపెనీవాళ్ల మనిషికి ఫోన్ చేస్తే, సాయంత్రం కనుక్కుని చెబుతానన్నాడు. మహాలక్ష్మితో ఉన్నమాట చెప్పాను. "అమ్మా, చక్రాలు బాగున్నాయి. లోపం ఇంకా దొరకలేదు. కాసేపు కూర్చోండి."

పోలమ్మ బల్ల మీద కూర్చుని పొగాకు కాడ నలుపుకుంటోంది. నేను మంచినీళ్లిస్తే తాగి, అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఇది నా కొడుకు కారు బాబూ. నూకరాజు. మా పల్లెలో పెద్ద ఓడెక్కినోడు ఆడొక్కడే. ఇంజినీరు. కిందటి సెలవకి వచ్చినప్పుడు దీన్ని కొన్నాడు. పట్టుమని పది రోజులు తోలినాడో నేదో, మళ్లీ ఓడెక్కీసినాడు."

"ఎప్పుడొస్తారండీ?"

ఆవిడ మళ్లీ పొగాకు నలపడంలో పడింది. మహాలక్ష్మే చెప్పింది. నూకరాజు ఎక్కిన ఓడ యజమాని దివాలా తీశాడు. గల్ఫ్‌లో ఒక రేవు బయట ఓడకి లంగరు వేయించి, తర్వాత ఫోన్లకి పలకడం మానేశాడు. ఓడని వదిలి దిగిపోవడానికి ఆ దేశం ఒప్పుకోదు. కాగితాలు లేనివాళ్లని ఒడ్డుకి రానివ్వరు. బదులు మనుషులు వచ్చేదాకా ఓడ మీద ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఎదురుగా ఊరు కనిపిస్తుంటుంది, రాత్రిళ్లు దీపాలు కనిపిస్తుంటాయి, దిగడానికి మాత్రం లేదు. అప్పటికి అలా ఏడు నెలలు దాటింది.

"మా ఆయన తెప్ప మీద ఏటకెళ్తే పొద్దుగూకేతలికి ఒచ్చీవోడు," అంది పోలమ్మ. "గాలి తిరగబడితే మర్నాడు. అదీ కాదంటే ఇంక రాడని తెలిసిపోయీది, ఏడిసీసీవోళ్లం. ఇదేటి బాబూ ఇది? మనిషి ఉన్నాడు, ఓడ ఉన్నాది, ములిగిపోనేదు. రాడు. ఏడవడానికీ నేదు, ఊరుకోడానికీ నేదు."

మహాలక్ష్మి అత్తగారి వైపు చూడకుండా కారు వైపే చూస్తూ చెప్పింది. "నాకు డ్రైవింగ్ వద్దంటే వద్దనేదాన్నండి. ఆయన నేర్పిస్తానంటే నవ్వేదాన్ని. ఓడ ఆగిపోయాక నేర్చుకున్నాను. ఒకసారి ఫోన్‌లో, మీరు వచ్చిన రోజున ఎయిర్‌పోర్టుకి నేనే కారు తెస్తాను అన్నాను. ఆయన నమ్మలేదు. కానీ అప్పట్నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా అదే అడుగుతున్నారు. ఇంక మాకు మాట్లాడుకోడానికి వేరే ఏముందండి? ఓడ మీద వేసిన కేసులో కోర్టు ఏమంది, ఓడవాళ్ల యూనియన్ ఏమంది అంటే ఇద్దరికీ ఏడుపే. కారు గురించయితే నవ్వుతారు. ఇది ఇలా అయిందని ఆయనకింకా చెప్పలేదు."

ఎయిర్‌పోర్టు సంగతి అప్పుడు అర్థమైంది. నేను లేచి మళ్లీ కారు కిందకి దూరాను. చేయడానికి ఏముందో తెలియకపోయినా ఊరికే కూర్చోలేకపోయాను.

మధ్యాహ్నం ఆమె చేతిలో ఫోను మోగింది. మహాలక్ష్మి ఒక్క ఉదుటున లేచి షాపు బయటికి పరిగెత్తింది. తర్వాత తెలిసింది, ఆ ఓడ గాలికి తిరిగి ఒడ్డు వైపు మళ్లినప్పుడే సిగ్నల్ అందుతుందట. ఎప్పుడు అందుతుందో, ఎంతసేపు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఇటు నుంచి చేస్తే తగలదు. అందుకే ఆ ఫోను ఆమె చేతిని వదలదు.

బయట లారీల రొద. ఆమె తిరిగి లోపలికి వచ్చి, ఒక చెవి మూసుకుని గట్టిగా మాట్లాడుతోంది. "షాపులో ఉన్నాం. గోపాలపట్నం. లేదు, యాక్సిడెంట్ కాదు. అమ్మ బాగానే ఉంది, ఇక్కడే ఉంది." అప్పుడు నా దగ్గరికి వచ్చి ఫోన్ చాచింది. "మీతో మాట్లాడతారంట."

నేను నూనె చేతులు తుడుచుకుని తీసుకున్నాను. గాలి హోరులోంచి ఒక గొంతు వినిపించింది. "అన్నా, నమస్తే. నాను నూకరాజుని. కారుకి ఏటయినాది?"

చెప్పాను. గొయ్యి సంగతి, వేరే చోట చేసిన అలైన్‌మెంట్, పసుపు దీపం, మలుపులో పడే బ్రేకు. మిషన్ మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయని కూడా చెప్పాను. అతను మధ్యలో మాట్లాడకుండా విన్నాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న వేరు.

"ర్యాంపు మీదకి బండి ఎవులెక్కించారన్నా?"

"మేడం గారేనండి. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కసారికే ఎక్కించేశారు."

"ఒక్కసారికేనా?" అని మళ్లీ అడిగాడు. అవునన్నాను.

"సరే అన్నా. ఒక మాట సెప్తాను, తప్పయితే ఏటీ అనుకోకు. ఓడలో చుక్కాని తిప్పే గది పైన ఉంటాది, చుక్కాని ఎనకాల నీళ్లలో ఉంటాది. పైన సున్నా సూపిత్తన్నా కింద చుక్కాని వంకరగా ఉండొచ్చు. అందుకే రేవు వదిలే ముందు ఎడమకి ఆఖరిదాకా, కుడికి ఆఖరిదాకా తిప్పి సూత్తాం. హార్డ్ ఓవర్ అంటాం. రెండు పక్కలా సమానంగా తిరిగితేనే మధ్యన ఉన్నది నిజమైన మధ్య. మీరు స్టీరింగ్ రెండు పక్కలా ఆఖరిదాకా తిప్పి సూసారా?"

నేను అప్పలరాజు వైపు చూశాను. ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. అప్పలరాజు కారెక్కి కూర్చున్నాడు. స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు దాని పైభాగాన తెల్ల టేపు ముక్క అంటించాను. కుడికి ఆఖరిదాకా తిప్పించి టేపు ఎక్కడ ఆగిందో చూశాను. తర్వాత ఎడమకి. ఎడమ వైపు బెత్తెడు తక్కువ తిరిగింది.

"బెత్తెడు తేడా ఉందండీ!" అని అరిచాను.

"ఎటు తక్కువ?"

"ఎడమకి."

"అయితే గొయ్యిలో ఎడమ చక్రం పడినాది. ఆ పక్క కడ్డీ వంగినాది సూడన్నా. పై స్టీరింగ్ ఊడదీసి తిన్నగా పెట్టీసారు, కింద..."

అంతే. గాలి కూడా ఆగిపోయింది. లైను పోయింది.

మహాలక్ష్మి ఫోను తీసుకుని చెవికి ఆనించుకుంది. హలో హలో అని అనలేదు. ఊరికే ఆనించుకుని నిలబడింది. ఆమె అతనితో ఆ రోజు మాట్లాడిందల్లా నాలుగు ముక్కలు. మిగతా సమయమంతా నేను వాడుకున్నాను. ఆ సంగతి తట్టి, "అమ్మా, ఆయన్ని మీతో సరిగ్గా మాట్లాడనివ్వలేదు," అన్నాను.

"పర్లేదండి," అంది. "ఆయన గొంతు విన్నారా? చాలా రోజులైంది అలా మాట్లాడి. నాతో ఈమధ్య అలా మాట్లాడట్లేదు." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటో కన్నీళ్లో, ఆ ఉక్కలో ఎవరికీ తెలియదు.

నూకరాజు చెప్పినట్టే ఉంది. బ్యాటరీ తీసేసి, ఎయిర్‌బ్యాగ్ జాగ్రత్తగా విప్పి, స్టీరింగ్ లోపలి నట్టు దగ్గర చూశాను. కంపెనీవాళ్లు స్టీరింగ్ మీదా, అది కూర్చునే ఇరుసు మీదా ఒక్కో గీత పెడతారు. ఆ రెండు గీతలూ ఎదురెదురుగా ఉండాలి. ఇక్కడ ఒకటి ఒక పక్కకి పోయింది. గొయ్యిలో పడి ఎడమ టై రాడ్ వంగినప్పుడు స్టీరింగ్ వంకర తిరిగింది. ముందు చూసినవాళ్లు వంగిన కడ్డీని వదిలేసి, కుడి కడ్డీతో చక్రాలు సర్ది, పై స్టీరింగ్‌ని మాత్రం ఊడదీసి తిన్నగా కనబడేలా బిగించారు. కంటికి బాగుంది. మిషన్‌కీ బాగుంది, ఎందుకంటే అది చక్రాలని కొలుస్తుంది కానీ ఇరుసుని కాదు. కానీ కారు సెన్సర్ ఉండేది ఆ ఇరుసు మీదే. తిన్నగా పోతున్నప్పుడు కూడా దానికి ఇరుసు తిరిగే కనిపిస్తోంది. మలుపు వచ్చేసరికి, డ్రైవరు ఎక్కువ తిప్పాడు, బండి మాత్రం తక్కువ తిరుగుతోంది, జారిపోతోంది కాబోలు అని పాపం అది కంగారుపడి బ్రేకు వేస్తోంది.

కొత్త టై రాడ్ చెన్నై నుంచి తెప్పించాలి. కారు మా దగ్గరే వదిలి అత్తాకోడళ్లు బస్సెక్కారు. ఎక్కేముందు పోలమ్మ కారు బానెట్ మీద చెయ్యి వేసి, "జాగర్తగా సూడు బాబూ, మా వోడిది," అంది.

కడ్డీ వచ్చాక, స్టీరింగ్‌ని దాని పాత గీత మీద కూర్చోబెట్టి, ఇరుసుని సరిగ్గా మధ్యలో నిలిపి, అప్పుడు రెండు కడ్డీలనీ తిప్పి చక్రాలు సర్దాను. అంత పెద్ద పనేమీ కాదు, తెలిసిన పనే. కానీ ఆ పూట ప్రతి నట్టూ బిగిస్తున్నప్పుడు నా వెనకాల ఇంకొక మనిషి నిలబడి చూస్తున్నట్టు ఉండేది. అప్పలరాజు కూడా రోజూలా పాటలు పాడలేదు. చివర్లో తెల్ల టేపు పెట్టి రెండు వైపులా తిప్పి చూశాం. సమానం.

మహాలక్ష్మి వచ్చాక సింహాచలం వైపు తీసుకెళ్లాం. ఆమె నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. బయల్దేరిన కాసేపటికి పసుపు దీపం ఆరిపోయింది. కొండ దారిలో మలుపు తర్వాత మలుపు తిరిగాం. కారు మూలగలేదు, పట్టెయ్యలేదు. దిగువకి వచ్చాక ఆమె కారు పక్కకి తీసి ఆపింది. ఇంజిన్ ఆపలేదు.

"బాగుందండి," అంది. స్టీరింగ్ మాత్రం వదల్లేదు. "ఆయనకి చెప్పాలి. ఎలా చెప్పను? ఆయన చెప్పింది సగంలో తెగిపోయింది. మీరు బాగుచేశారో లేదో తెలియక అక్కడ ఆలోచిస్తూ ఉంటారు. మంచి కబురు చేతిలో పెట్టుకుని అది చెప్పలేకపోవడం ఇంత కష్టమని తెలీదండి."

మా నాన్న ఊరు వదిలి వచ్చిన కొత్తలో అమ్మ గోదావరి ఒడ్డున ఉత్తరాల కోసం ఎలా చూసిందో అమ్మ చెప్పగా విన్నాను. అప్పుడది కథలా విన్నాను. ఆ రోజు ఆ కారులో కూర్చున్నప్పుడు అమ్మ మొహం గుర్తొచ్చింది. "ఆయనే చేస్తారు లెండమ్మా," అని మాత్రం అన్నాను.

నూకరాజు మళ్లీ ఫోన్ చేసింది మూడు వారాల తర్వాత. ఆ సంగతి చెప్పడానికి మహాలక్ష్మి నాకు ఫోన్ చేసింది. మాట మాటకీ నవ్వుతోంది. "ఎలా ఉన్నావని కూడా అడగలేదండి. ఎత్తగానే, రెండు పక్కలా సమానంగా వచ్చినాదా అన్నారు. వచ్చింది అన్నాను. అక్కడ ఇంకెవరితోనో, వచ్చినాదంట్రా అని గట్టిగా అరిచారు. ఓడలో అందరికీ చెప్పారంట ఈ కారు సంగతి. అందరూ కేకలు వేశారు."

ఆ తర్వాత నెలలు గడిచాయి. నేను వేరే బళ్ల పనుల్లో పడ్డాను. ఆకాశంలో విమానం దిగుతున్న చప్పుడు వింటే మాత్రం అప్పలరాజు తలెత్తి, "ఇందులో ఒచ్చీసుంటాడంటావా బావా?" అనేవాడు. ఎవరో తెలియని మనిషి కోసం మేమిద్దరం అలా ఎదురుచూశాం.

వానలు వెనకబట్టాక, ఒక మధ్యాహ్నం ఆ వెండిరంగు కారు షాపు ముందు ఆగింది. మహాలక్ష్మి నడుపుతోంది. వెనక సీట్లో పోలమ్మ. ముందు ఎడమ వైపు ఒక మనిషి. బుగ్గలు లోపలికి పోయి, ఎండకి కమిలి, చొక్కా భుజాల మీంచి వేలాడుతోంది. కోర్టులో ఓడని అమ్మేసి, సిబ్బందిని ఇళ్లకి పంపారట. ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా ఇటే వచ్చారు.

అతను దిగి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "బావా," అన్నాడు. ఫోన్‌లో అన్నా అన్నవాడు. "ఆ రోజు నాకు పని దొరికినాది బావా. నీకు తెల్దు. ఓడలో డీజిల్ నేదు, ఇంజిన్ సల్లబడిపోనాది. ఇంజినీరుగోడికి అంతకన్నా సావు నేదు. పొద్దున్న లెగిసి ఆ ఇంజిన్ మొహం సూసి మళ్లీ పడుకోడమే. నువ్వు బెత్తెడు తేడా అన్నావు సూడు, ఆ తర్వాత మూడు వారాలు నాను ఈ కారు కిందే ఉన్నాను. ఏ నట్టు ముందు విప్పుంటావు, కడ్డీ ఎంత తిప్పుంటావు, అన్నీ మనసులో సేసీసేవోణ్ణి. మిగతావోళ్లకి కూడా బొమ్మ గీసి సూపించేవోణ్ణి."

నేను చేసిందంతా మొదటినుంచి చెప్పమన్నాడు. చెప్పాను. కంపెనీ గీతలు ఎంత పక్కకి పోయాయో వేళ్లతో చూపించాను. అతను ప్రతిదానికీ తలూపాడు. అక్కడక్కడ, "అలాగే అనుకున్నాను," అన్నాడు.

మహాలక్ష్మి డ్రైవరు సీట్లోంచి దిగి, తాళం అతనికి అందించబోయింది. "ఇంక మీరు నడపండి."

అతను తాళం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "నువ్వే నడుపు. ఓడలో ఉన్నన్నాళ్లూ మనసులో నాను ఈ పక్కన కూకునే ఇంటికెళ్లినాను."

పోలమ్మ వెనక సీట్లోంచి, "తొందరగా కానియ్యండి, సేపల పులుసు సల్లారిపోతాది," అని కసిరింది. కసురుతూనే కొడుకు భుజం మీద చెయ్యి వేసింది, కారు కదిలి వెళ్లేదాకా తియ్యలేదు.

ఇక ఒడ్డునే ఉంటాడని అందరం అనుకున్నాం. డాక్‌యార్డులో ఒక చిన్న వర్క్‌షాపులో చేరాడు కూడా. కానీ ఒక ఏడాది తిరక్కుండానే, కారు సర్వీసుకని వచ్చినప్పుడు నాతో అన్నాడు. "రేత్రి నిద్దర పట్టట్లేదు బావా. కింద ఇంజిన్ నడుస్తన్న సప్పుడు నేకపోతే ఇల్లు ఆగిపోనట్టుంటాది." తప్పు చేసినట్టు నవ్వాడు. మహాలక్ష్మి పక్కనే ఉండి, కారు తాళాన్ని అటూ ఇటూ తిప్పుతూ వింది. ఈసారి మంచి కంపెనీ చూసుకుని ఓడెక్కాడు. ఎయిర్‌పోర్టుకి ఆమే దింపింది.

అతను వెళ్లిన మర్నాడు ఆమె ఒక్కతే షాపుకి వచ్చింది. "కొంచెం లాగుతున్నట్టు ఉందండి, ఒకసారి చూస్తారా?" అంది. నేను హైవే మీద కొంత దూరం నడిపి చూశాను. స్టీరింగ్ వదిలేస్తే గీత గీసినట్టు పోతోంది. టైర్లు సమానంగా ఉన్నాయి, దీపాలేమీ లేవు.

పాత రోజుల్లో అయితే, ఏమీ లేదమ్మా అని అక్కడికక్కడే పంపించేసేవాణ్ణి. లోపం ఉంటేనే పని, లేకపోతే లేదు అనుకునేవాణ్ణి. కొలతలు చదవడం నాకు మిషన్ నేర్పింది. మనిషి ఎందుకు వచ్చాడో వినడం మాత్రం ఈ కారే నేర్పింది. కారు ర్యాంపు ఎక్కించమన్నాను. ఆమే ఎక్కించింది. అప్పలరాజు టీ తెచ్చాడు. సెన్సర్లు ఒక్కొక్కటే తగిలించి, తొందరపడకుండా నాలుగు చక్రాలూ కొలిచాను. ఆమె బల్ల మీద కూర్చుని తెర వైపే చూస్తోంది.

"అన్నీ బాగున్నాయమ్మా," అని చెప్పాను. "ఒకటికి రెండుసార్లు చూశాను."